రథం మనదే, ముందూ వెనకా వాళ్లవి

థాయ్ భాష మొదలుపెట్టిన తెలుగువాడికి తొలిరోజుల్లో కాస్త గర్వం తలకెక్కుతుంది. విమానం దిగేది సువర్ణభూమిలో. పాత రాజధాని అయుత్తయ, అంటే మన అయోధ్యే. బండిని 'రొట్' అంటారు. రాతలో చివర థకారం కనిపిస్తుంది, అది మన రథమే. ఇంకేముంది, సగం భాష వచ్చేసినట్టే అనుకుంటాం. తీరా ఆ రథం ఇంటి ముందుందో వెనకుందో చెప్పాల్సివచ్చేసరికి సంస్కృతం చేతులెత్తేస్తుంది. మీద, కింద, లోపల, ముందు, వెనక... రోజూ నోట్లో నలిగే ఈ చిన్న మాటలన్నీ అచ్చ థాయ్.

నాకు పాఠం చెప్పిన టీచరమ్మ వీటిని పట్టికగా రాయించలేదు. ఆమె చేసిన మేలు అదేనని ఇప్పటికీ అనుకుంటాను. బల్ల మీద ఒక గాజుగ్లాసు పెట్టి, "క్యావ్ యూ థీ నయ్?" అని అడిగేది. గ్లాసు ఎక్కడుంది? 'క్యావ్ యూ బొన్ తొ' అనాలి. క్యావ్ గ్లాసు, యూ ఉంది, బొన్ మీద, తొ బల్ల. గ్లాసు ఉంది మీద బల్ల! మన వాక్యంలో మొదటి మాటను వదిలేస్తే మిగతా మూడూ తలకిందులు. తర్వాత గ్లాసు బల్ల కిందికి వెళ్లేది: 'తాయ్ తొ'. సంచిలోకి వెళ్తే 'నయ్', తలుపు వెనక్కి వెళ్తే 'లంగ్'. ఆమె గ్లాసు జరుపుతూ ఉండేది, మేం చెబుతూ ఉండేవాళ్లం. చిన్నపిల్లల ఆటలా ఉందని క్లాసులో ఒకాయన విసుక్కునేవాడు. నోరు తిరగడానికి అంతకన్నా మంచి పద్ధతి నాకైతే కనిపించలేదు.

ఇంగ్లీషు వచ్చినవాళ్లకు ఈ వరస కొత్తేం కాదు. అయితే అన్నిచోట్లా ఇంగ్లీషునే నమ్ముకుంటే దెబ్బతింటాం. చుక్కలు ఆకాశంలో ఉంటాయని మనమంటే, థాయ్‌వాళ్లు 'బొన్ ఫా' అంటారు, ఆకాశం మీద. ఇంట్లో ఉన్నాను అనడానికి 'యూ బాన్' చాలు. లో కోసం మాటే అక్కర్లేదు. ఇంకొకటి, మనకు బాగా అందేది. 'గ్లాసు బల్ల మీద ఉంది' అన్నప్పుడు మన మనసులో ఫలానా గ్లాసు ఉంటుంది. 'బల్ల మీద గ్లాసు ఉంది' అంటే అక్కడ ఏదో ఒక గ్లాసు కనబడిందని. మనం మాటలు అటూ ఇటూ జరిపి తేడా తెస్తాం, ఉంది మాత్రం అదే. వాళ్లు క్రియనే మార్చేస్తారు. మొదటిదానికి యూ, రెండోదానికి మీ: 'బొన్ తొ మీ క్యావ్'. నన్నడిగితే ఈ పాఠంలో అసలు గట్టు ఇదే. మీద, కింద ఒక పూటలో వచ్చేస్తాయి, యూకీ మీకీ తేడా నాలుక మీద నిలవడానికి చాలా కాలం పడుతుంది.

ఇక స్వరాలు. థాయ్‌లో అవి అయిదు. దగ్గర అన్నా దూరం అన్నా తెలుగులో రాస్తే రెండూ 'క్లయ్'. పైనుంచి కిందికి జారిస్తే దగ్గర, సమంగా పలికితే దూరం. హోటల్ దగ్గరేనా అని అడగబోయి దూరమేనా అని అడిగితే జవాబు ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్కడి రాతలో ఈ 'అయ్'కి ఒకటికి మించి గుర్తులున్నాయి. ఒకటి సరిగ్గా 20 మాటల్లోనే వస్తుంది. బడిపిల్లలు వాటిని పద్యంగా వల్లెవేస్తారు. లోపల, కింద, దగ్గర ఆ 20లోవే. దూరం మాత్రం వేరే గుర్తుతో రాస్తారు. అందుకే లిపి తర్వాత చూద్దాంలే అనేవాళ్లతో నాకు పేచీ. 'నయ్' కూడా ఇంతే: సమంగా అంటే లోపల, కిందనుంచి ఎత్తితే ఎక్కడ.

మనకు కలిసొచ్చేది ఒకటుంది. పక్కన అనే 'ఖాంగ్'లో ఖ, చోటు చెప్పే 'థీ'లో థ నిజంగా ఒత్తి పలకాలి. బళ్లో దిద్ది, ఆపైన మాటల్లో వదిలేసిన ఒత్తక్షరాలన్నీ అక్కడ పనికొస్తాయి.

వీధిలో వీటి విలువ తెలుస్తుంది. బ్యాంకాక్‌లో పెద్ద రోడ్డు నుంచి చీలే సందు 'సోయ్'. సుఖుమ్విత్ రోడ్డుకు ఒక వైపు బేసి నంబర్ల సోయ్‌లు, రెండో వైపు సరి నంబర్లవి. రెండూ సమానంగా నడవవు. 21కి ఎదురుగా 16 ఉంటుంది, 55 దగ్గరికొచ్చేసరికి అవతల 38 దాకానే వస్తాం. నంబరొకటే పట్టుకుని వెతికితే కాళ్లు అరుగుతాయి. 'త్రొంగ్ ఖామ్', అంటే ఎదురుగా, అనే మాట కావాలి. సందు మొగను 'పాక్ సోయ్' అంటారు. నారింజరంగు చొక్కాల మోటార్‌సైకిల్ టాక్సీవాళ్లు కూర్చునేది అక్కడే. వాళ్లకు గుర్తు చెప్పాలంటే సెవెన్ ఇలెవెన్ దుకాణాన్ని మించింది లేదు: 'యూ నా సేవెన్', సెవెన్ ముందర ఉంది. ఆపమనడానికి 'జొట్ నా సేవెన్'.

థాయ్‌లాండ్ వెళ్లే మనవాళ్లు ముందుగా నేర్చుకునేది 'థావ్ రయ్', ఎంత అని. దానికి అంత తొందరేమీ లేదు, ధర అంగడివాళ్లే క్యాలిక్యులేటర్ మీద కొట్టి చూపిస్తారు. ముందు యూ నేర్చుకోండి, దానికి బొన్, తాయ్, నయ్, నా, లంగ్, ఖాంగ్ తగిలించండి. ఇవాళే వంటింట్లో గ్లాసుతో మొదలుపెట్టొచ్చు. వాక్యం చివర మగవాళ్లయితే 'ఖ్రప్', ఆడవాళ్లయితే 'ఖా' అనడం మాత్రం మరిచిపోకండి, అదే అక్కడి మర్యాద.