పొద్దెక్కితే మారే రుచి

భద్రాచలం దాటి కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద చలికాలంలో ప్రయాణించినవాళ్లకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. చెట్టు నీడన నురగ తేలే బిందె, పక్కన ఆకు దొప్పల కట్ట, చుట్టూ గొంతుక్కూర్చున్న నలుగురైదుగురు. బిందెలో ఉన్నది సల్ఫీ. మన మన్యంలో జీలుగు కల్లు అంటాం. పత్రికలవాళ్లు దీనికి 'బస్తర్ బీరు' అని పేరు పెట్టేశారు గానీ, బీరుతో దీనికి నురగలో తప్ప పోలిక లేదు. చెట్టు రసం తనంతట తాను పులిసి తయారవుతుంది కాబట్టి వైన్‌కే దగ్గరి చుట్టం. వైన్ రుచి తెలిసినవాళ్లు ఏ ఏటి పంట అని అడుగుతారు. సల్ఫీ రుచి తెలిసినవాళ్లు ఎప్పుడు దించారని అడుగుతారు. ఆ ప్రశ్న అడగడం తెలియకే బయటివాళ్లు చాలామంది సాయంత్రంపూట మిగిలిన పుల్లటి మడ్డి తాగి, మొహం చిట్లించి వెళ్లిపోతారు.

ఈతచెట్టుకైతే మానునే చెక్కి రసం తీస్తారు. జీలుగుకు పూలగెల కాడ కోయాలి. మొక్క నాటిన పదేళ్లకు గానీ గెల వేయదు. మొదటి గెల తల దగ్గర పుడుతుంది, తర్వాతివి ఒక్కొక్కటే కిందికి దిగుతూ వస్తాయి. అన్నిటికన్నా కింది గెల అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. అంటే కల్లు ఇచ్చేది కొన్నేళ్లే. గీసేవాడు ఆ సంగతి మనసులో పెట్టుకునే గీస్తాడు. మానుకు ఆనించి కట్టిన ఒంటి వెదురుబొంగే నిచ్చెన. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్లు వదిలేస్తే అవే మెట్లు. పొద్దున, మాపున ఎక్కి, కాడ కొసన పలచటి పొర తీసి, కుండ మార్చి దిగుతాడు. కోత మందమైతే గెల తొందరగా తరిగిపోతుంది. కోయకుండా వదిలేస్తే గాయం ఆరి ధార ఆగుతుంది. మంచి చెట్టు రోజుకు 20 లీటర్ల దాకా ఇస్తుందంటారు. అందుకే ఇక్కడ సల్ఫీ చెట్టు పొలంతో సమానమైన ఆస్తి. పెళ్లిలో కూతురికి చెట్టు ఇచ్చే ఇళ్లున్నాయి, చెట్టు మీద తగాదాలూ ఉన్నాయి.

రసం కుండలో పడుతూనే పులవడం మొదలవుతుంది. గాలిలో, కుండ గోడల్లో ఉన్న ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. దాని వెనకే బ్యాక్టీరియా చేరి మజ్జిగ పులుపు తెస్తుంది. ఇంకా ఆలస్యమైతే వెనిగర్ ఘాటు. ఈ క్రమానికి మనిషి కలపాల్సింది ఏమీ లేదు, వదిలేస్తే తనంతట తాను ఆగదు.

జగదల్‌పూర్‌లో ఒక మిత్రుడి పెరట్లో ఒకే కుండను పొద్దున్నుంచి మాపటిదాకా రుచి చూస్తూ వాదించుకున్నాం. చెట్టు దిగిన వెంటనే అంతా తీపే. కొబ్బరినీళ్ల కంటే కాస్త చిక్కన, చివర్లో పచ్చికాడ వాసన, నాలుక మీద చిన్న చిమచిమ. రెండు మూడు గంటలు గడిచేసరికి తీపి, పులుపు సరిసమానంగా నిలిచి, పొంగు బాగా లేస్తుంది. నా ఓటు ఆ వేళకే. మధ్యాహ్నం దాటాక తీపి పూర్తిగా పోయి, పులుపు పదునెక్కి, మత్తు కూడా తెలిసేలా పెరుగుతుంది. ఊళ్లో పెద్దవాళ్లు దీన్నే మెచ్చుకుంటారు, పొద్దుటిది పిల్లల తాగుడని కొట్టిపారేస్తారు. తాటికల్లు మీద పెరిగిన మా ఖమ్మం మిత్రుడు మొదటి దొప్పకే "పోతుతాటి కల్లు ముందు ఇది చప్పన రా" అని తేల్చేశాడు. మధ్యాహ్నం కుండ దగ్గర మాత్రం అతనే ఎక్కువసేపు కూర్చున్నాడు.

నంజుడు సంగతి కూడా చెప్పాలి. ఎర్రచీమలను, వాటి గుడ్లను మిరపకాయలు, ఉప్పుతో నూరి చేసే చాప్‌డా పచ్చడి ఇక్కడ పేరున్నది. చీమల్లోని ఫార్మిక్ ఆమ్లం వల్ల నిమ్మరసం పిండినట్టు పుల్లగా ఉంటుంది. తీపి సల్ఫీకి అది సరిజోడు. మధ్యాహ్నపు సల్ఫీతో తింటే రెండు పులుపులూ కొట్టుకుంటాయి, అప్పుడు కాల్చిన ఎండుచేప మేలు.

ఇక్కడి బియ్యం కల్లు లాందా గురించి ఎక్కువ చెప్పను, నాకది అంతగా పట్టలేదు. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, మొలకెత్తిన మొక్కజొన్న పొడి, నీళ్లు కలిపి కొన్నాళ్లు పులవబెడతారు. మొలకలోని గుణం పిండిని చక్కెరగా మారిస్తే, ఆ చక్కెర పులుస్తుంది. తెల్లగా, చిక్కగా, పుల్లగా ఉంటుంది. మన తరవాణి ఇష్టపడేవాళ్లకు ఇదీ నచ్చవచ్చు. సంతల్లో ఆడవాళ్లు కుండలతో తెచ్చి అమ్ముతారు, ఎండలో నడిచొచ్చినవాళ్లకు అది దాహమూ తీరుస్తుంది, ఆకలీ తీరుస్తుంది.

ఇప్ప సారా దారి వేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో ఏరుకొస్తారు. పూలు కనపడాలని చెట్టు కింద ఆకులు తగలబెట్టడం వాడుక, అడవికి నిప్పంటుకునేది చాలాసార్లు అక్కడి నుంచే. ఎండిన పూవులో సగానికి పైగా చక్కెర. నీళ్లలో నానబెట్టి, కొద్దిరోజులు పులవనిచ్చి, కుండలో పోసి కట్టెల పొయ్యి మీద కాస్తారు. ఆవిరి వెదురు గొట్టంలో నడిచి, చన్నీళ్లలో పెట్టిన మరో కుండలో చల్లబడి చుక్కలుగా దిగుతుంది. మొదట దిగేది మంటలా ఘాటు, చివరిది నీళ్లలా పలచన. రెండింటినీ ఎంతెంత కలపాలో, ఎక్కడ ఆపాలో కాచే మనిషికి తెలియాలి. చుక్క నిప్పుల మీద వేసి, భగ్గుమంటే ఇంకా బలముందని లెక్క. మంట ఎక్కువై పూలు అడుగంటితే మాడు వాసన సారా అంతటికీ పడుతుంది. బాగా కాచినదానికి ముందు ఎండు ఖర్జూరం, పాతబెల్లం వాసన, మధ్యలో కట్టెపొగ తగులుతాయి. మింగాక పూల వాసన మళ్లీ ముక్కులోకి ఎక్కుతుంది. ఆ ఆఖరి వాసన లేని ఇప్ప సారాను నేను మంచిదనను.

సారా అన్న మాట వినగానే తెలుగువాళ్లకు సారా మీద తిరగబడిన దూబగుంట ఆడవాళ్లు, 1993 అక్టోబర్ 1న ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సారా నిషేధం గుర్తొస్తాయి, రావాలి కూడా. అయితే అది కాంట్రాక్టర్ల ప్యాకెట్ సారా. ఇంట్లో కాచే ఇప్ప సారా నాలుగు చుక్కలు నేలమీద పెద్దలకు, దేవుళ్లకు వదలకుండా ఎవరూ తాగరు. పెళ్లి మాటల దగ్గర, చావు దగ్గర అది ఉండి తీరాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీలు సొంత వాడకానికి పరిమితంగా కాచుకోవడానికి మినహాయింపు ఉన్నది ఇందుకే. ఇలాంటి హక్కు మీద చెయ్యి పడితే ఏమవుతుందో మన గోదావరి మన్యం చూసింది. 1879 రంప పితూరీకి ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద ఆంక్షలు, చిగురుపన్ను అనే కల్లు పన్ను పెద్ద కారణాలు. అలాగని అడవి తాగుడంతా అమాయకమనీ అనలేను. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1943 నాటి పుస్తకంలో బస్తర్ మారియా ఆదివాసీల హత్య కేసులు వంద పరిశీలించాడు, వాటి చర్చలో తాగుడూ వస్తుంది.

ఇప్ప సారా ఇప్పుడు సీసాల్లోకి ఎక్కింది. డెస్మండ్ నజరెత్ 2018లో గోవాలో తన ఇప్ప మద్యం విడుదల చేశాడు, ఆయన డిస్టిలరీ మన చిత్తూరు జిల్లాలోనే ఉంది. సీసా సరుకు శుభ్రంగా ఉంటుంది, కాకపోతే పొగ ఉండదు. సల్ఫీకి ఆ దారి కూడా లేదు, సీసాలో పెట్టి మూత బిగించినా పులవడం ఆగదు. పైగా ఫ్యుజేరియం శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులుకు బస్తర్‌లో సల్ఫీ చెట్లు నిలువునా ఎండుతున్నాయి. పదేళ్లు ఓపిక పట్టి కొత్త మొక్కలు పెంచేవాళ్లు తక్కువ.

తాగే అలవాటు ఉండి అటు వెళ్లేవాళ్లకు ఒక మాట. పొద్దున్నే వెళ్లండి. గీసినవాడి దగ్గరే, ఎప్పుడు దించాడో అడిగి తాగండి. రెండు దొప్పలతో ఆపండి, బండి నడిపేవాడికి ఒక్కటీ ఇవ్వకండి.