కాశీయాత్రలో నడిచిందెవరు?

ఏనుగుల వీరాస్వామిగారి ‘కాశీయాత్ర చరిత్ర’ పేరు వినని తెలుగు సాహిత్యాభిమాని ఉండడు. మొదటినుంచి చివరిదాకా చదివినవారు మాత్రం తక్కువ. నేనూ చాలాకాలం పేరు విన్నవాళ్ళలోనే ఉన్నాను. పోయిన వేసవిలో రంభలో మా ఇంటి అరుగుమీద కూర్చుని, రోజుకు రెండు మూడు మజిలీల చొప్పున, మా మనవడికి చదివి వినిపిస్తూ పూర్తిచేశాను. వాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో ఒడియా చదువుతాడు. తెలుగు అక్షరాలు వాడికి రావు. మనలో చాలా ఇళ్ళ సంగతి ఇదే కనుక దాచుకోవలసింది లేదు.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన వీరాస్వామిగారు సుమారు వందమంది పరివారంతో 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఈ దేశంలో ప్రయాణీకుల రైలు నడవడానికి ఇరవై రెండేళ్ళ ముందు మాట ఇది. పోయేటప్పుడు తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబ్బల్‌పూరు మీదుగా, అంటే నల్లమల అడవి, దక్కను మెట్ట, వింధ్య కొండలు దాటి గంగ ఒడ్డుకు చేరారు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ చూసుకుని మన గంజాం సీమలోకి దిగి, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం మీదుగా దక్షిణానికి సాగారు. దారిలో రాసిన సంగతులను మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారు 1838లో అచ్చువేయించారు. అప్పటికి రెండేళ్ళ క్రితమే, 1836లో, వీరాస్వామిగారు కాలం చేశారు. మళ్ళీ 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు పరిష్కరించి ప్రకటించారు.

ఈ పుస్తకాన్ని చరిత్రకు ఆధారమని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు న్యాయమే గాని, సగం మాటే అని నా అభిప్రాయం. ఈ రచన ముందుగా దారిన పోయేవాడి కోసం పుట్టింది. దారి రాతిదా, రేగడిదా? ఊళ్ళో నీళ్ళున్నాయా? అంగడిలో బియ్యం దొరుకుతాయా? దిగడానికి చోటుందా? వర్ణన కోసం వర్ణన లేదు. ఇదే చదువరికి విసుగు పుట్టించే గుణం కూడా. ఒక మజిలీ తర్వాత మరొక మజిలీ, ఒకే రకం వివరాలు. గబగబా చదివితే రుచించదు. నడిచినంత నెమ్మదిగా చదివితే, ఒక కొండ దాటాక నీళ్ళున్న ఊరు వచ్చిందని రాసిన చిన్న వాక్యం కూడా ప్రాణానికి హాయినిస్తుంది.

ఇంటిపేరు విని మనవడు మొదటి రోజే, “తాతా, ఏనుగులమీద వెళ్ళాడా?” అని అడిగాడు. కాదు, పల్లకీలో అన్నాను. కొండ దారులు వచ్చినప్పుడు వాడే మళ్ళీ, “మరి మోసినవాళ్ళో?” అన్నాడు.

ఆ ప్రశ్నకు పుస్తకంలో వెతికాను. బోయీలు కనబడతారు. వాళ్ళ గొంతు వినబడదు. భుజాన బరువుతో ఆ దారిని అడుగడుగునా కొలిచినవారు వాళ్ళే అయినా, దారిని గురించి వాళ్ళేమనుకున్నారో మనకు తెలియదు. వీరాస్వామిగారిని నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఆయన కాలంలో ఆయన చూసినంత మరెవరు చూశారు? కాని ఆయన్ని పొగిడే మన వ్యాసాలు ఈ లోటును ఇంకా పట్టించుకోకపోవడం మన తప్పు.

రెండో మాట మనవాళ్ళకు ప్రత్యేకం. 1831లో గంజాం నుంచి ఇచ్ఛాపురం పోయే బాటసారికి రాష్ట్రపు సరిహద్దు అడ్డురాలేదు. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక ఇచ్ఛాపురం అటు, మనం ఇటు అయ్యాం. అందుచేత ఈ పుస్తకాన్ని ఈ నేల మాదేననే దస్తావేజులా చూపే ఉత్సాహం మనలో కొందరికి ఉంది. నేను ఒప్పుకోను. వీరాస్వామిగారి తెలుగే హిందూస్తానీ, ఇంగ్లీషు, అరవ మాటలు కలిసిన తెలుగు. దారిలో దొరికిన మాటను ఆయన అంటు అనుకోలేదు. ఆ వచనం దస్తావేజుకు పనికిరాదు. కలిసి బతకడానికి పనికొస్తుంది.

అక్షరం రాని మా మనవడు విని చాలావరకు బోధపరచుకున్నాడంటే, అది ఆ వాడుక మాటల బలమే. పుస్తకం అయిపోయిన రోజు, గంజాం పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపమన్నాడు. చూపించాను. సున్నను వెంటనే గుర్తుపట్టాడు. మిగతా అక్షరాలు ఇప్పుడు పలకమీద దిద్దుతున్నాడు.