స్కార్మన్ నివేదిక: అనుమానానికి హద్దు గీయని తీర్పు

ప్రభుత్వాలు వెలువరించే విచారణ నివేదికలలో అధికభాగం అలమారాలకే పరిమితమవుతాయి. ఏడాది తిరిగేసరికి వాటిని తలచుకునేవారుండరు. అట్టి గతి పట్టని కొద్ది నివేదికలలో బ్రిటన్‌కు చెందిన న్యాయమూర్తి లార్డ్ స్కార్మన్ 1981 నవంబరులో సమర్పించినది ఒకటి. దారిన పోయే పౌరుణ్ణి ఆపి సోదా చేసే అధికారం పోలీసుకు ఎంతవరకు ఉండాలన్న ప్రశ్న ఎప్పుడు తలెత్తినా చర్చ దీని దగ్గరికే వస్తుంది. మెచ్చుకునేవారూ, నిందించేవారూ దీనినే ఉదహరిస్తారు. కనుక దీని గుణదోషాలను నిదానంగా పరిశీలించటం అవసరం.

ముందుగా నేపథ్యం చూద్దాం. దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్ ప్రాంతంలో రెండవ ప్రపంచ యుద్ధానంతరం కరీబియన్ దీవుల నుండి వచ్చిన నల్లజాతి కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. వారి పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడి బడులలోనే చదివారు. చదువు ముగిసేసరికి ఉద్యోగాలు లేవు. వీధిలో నిలబడితే మాత్రం 'సస్' అనే చట్టం సిద్ధంగా ఉంది. ఇది 1824 నాటి దేశదిమ్మరుల చట్టంలోని 4వ సెక్షను. నెపోలియన్ యుద్ధాల తరువాత దిక్కులేక తిరిగే నిరుపేదలను అదుపు చేయటానికి చేసిన ఆ చట్టాన్ని నూటయాభై ఏళ్ల తరువాత నల్లజాతి యువకుల మీద ప్రయోగించారు. దొంగతనం జరగనక్కరలేదు. సొమ్ము పోయినవాడు ముందుకు రానక్కరలేదు. అనుమానాస్పదంగా తిరుగుతున్నాడని పోలీసులు సాక్ష్యం చెబితే చాలు, శిక్ష పడేది.

1981 ఏప్రిల్ మొదటి వారంలో వీధి దోపిడీలను అరికట్టే పేరుతో 'స్వాంప్ 81' అనే కార్యక్రమం ఆరంభమైంది. ముంచెత్తటమని ఆ పేరుకు అర్థం. మామూలు దుస్తులలో పోలీసులు వీధులను నిజంగానే ముంచెత్తారు. కొద్ది రోజులలో 943 మందిని ఆపారు. వారిలో సగానికి పైగా నల్లవారు. మూడింట రెండు వంతుల మందికి పైగా 21 ఏళ్ల లోపువారు. అరెస్టయినవారు 118 మంది, అభియోగం మోపబడినవారు 75 మంది. ఏ దోపిడీల కోసం ఇంత హంగామా జరిగిందో ఆ నేరం కింద నమోదైన అభియోగం ఒక్కటే. ఏప్రిల్ 10 నుండి 12 వరకు బ్రిక్స్‌టన్ తగలబడింది. ఆ మంటల కారణాలను విచారించే బాధ్యత స్కార్మన్‌కు అప్పగించబడింది.

నివేదికలోని సుగుణాలను ముందుగా ఒప్పుకోవాలి. అల్లర్లను కేవలం దుండగుల పనిగా కొట్టివేయక ఇళ్ల కొరత, నిరుద్యోగం, విద్యలో వెనుకబాటు వంటి మూలాలలోకి స్కార్మన్ వెళ్లాడు. 'స్వాంప్' కార్యక్రమం తీవ్రమైన పొరపాటని నిర్మొహమాటంగా తేల్చాడు. చట్టాన్ని అమలు చేయటానికీ, ప్రజాశాంతిని కాపాడటానికీ పొత్తు కుదరని సందర్భంలో శాంతికే పెద్దపీట వేయాలన్నాడు. జాతి దురభిమానం చూపిన పోలీసును ఉద్యోగం నుండి తొలగించాలని సిఫారసు చేశాడు. ఆనాటి వాతావరణంలో ఒక న్యాయమూర్తి ఇంతమాత్రం చెప్పటం చిన్న విషయం కాదు.

అయితే అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వ్యాధి లక్షణాలను చక్కగా వర్ణించిన వైద్యుడు మందు రాసే వేళకు వెనుకంజ వేశాడు. బ్రిటన్‌లో వ్యవస్థాగతమైన జాతివివక్ష లేదని స్కార్మన్ నిర్ధారించాడు. దోషం వీధిలో తిరిగే కొందరు చిన్న అధికారుల తొందరపాటుదీ, అపరిపక్వతదీ, దురభిమానానిదీ అని అభిప్రాయపడ్డాడు. పాఠకులు ఈ నిర్ధారణను ఆయనే ఇచ్చిన అంకెల పక్కన పెట్టి చూడాలి. 943 మందిని ఆపగా 825 మందిని అరెస్టు చేయటానికే కారణం దొరకలేదు. అంటే ప్రతి ఎనిమిది మందిలో ఏడుగురి విషయంలో అనుమానం వట్టిపోయింది. ఇది ఇద్దరు ముగ్గురు దుడుకు కానిస్టేబుళ్ల నిర్వాకమా? పైఅధికారులు పథకం వేసి, పేరు పెట్టి, సిబ్బందిని పంపి నడిపిన కార్యక్రమం కదా! దాని ఫలితాన్ని కింది ఉద్యోగి స్వభావానికి అంటగట్టటం తర్కానికి నిలవదు.

నిర్ధారణ దారి తప్పినందున నివారణ కూడా దారి తప్పింది. ఆపి సోదా చేసే అధికారం అవసరమేననీ, దానికి రక్షణలు ఉంటే చాలుననీ నివేదిక భావించింది. 'సస్' చట్టం 1981లోనే రద్దయింది. 1984లో వచ్చిన పోలీసు, నేర సాక్ష్య చట్టం సోదాకు 'సమంజసమైన అనుమానం' ఉండాలన్నది, కారణం చెప్పాలన్నది, రికార్డు రాయాలన్నది. వినటానికి ఇంపుగానే ఉంది. కాని ఆ అనుమానం సమంజసమా కాదా అని వీధిలో, ఆ క్షణాన తేల్చేదెవరు? అనుమానించినవాడే! వాది, సాక్షి, న్యాయమూర్తి ముగ్గురూ ఒకే యూనిఫారంలో ఉన్నచోట రక్షణ కాగితం మీదనే మిగులుతుంది.

తరువాతి నలభై ఏళ్ల చరిత్ర ఈ విమర్శను బలపరుస్తున్నది. 1994లో వచ్చిన చట్టం 60వ సెక్షను ద్వారా, పైఅధికారి ఒక ప్రాంతాన్ని ప్రకటిస్తే అక్కడ ఏ అనుమానమూ లేకుండానే సోదా చేయవచ్చునన్నది. 1993లో హత్యకు గురైన స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుని కేసుపై 1999లో వెలువడిన మాక్‌ఫర్సన్ నివేదిక, స్కార్మన్ కాదన్న వ్యవస్థాగత వివక్ష లండన్ పోలీసుశాఖలో ఉన్నదని ప్రకటించింది. 2023లో కేసీ నివేదిక మళ్లీ అదే మాట చెప్పవలసి వచ్చింది. ఇంగ్లండు, వేల్స్‌లలో 2017-18లో తెల్లవారితో పోలిస్తే నల్లవారిని ఆపి సోదా చేసే అవకాశం తొమ్మిది రెట్లకు పైగా ఉన్నట్లు ప్రభుత్వ గణాంకాలే తెలిపాయి.

2000 నాటి టెర్రరిజం చట్టంతో ఈ అనుమానపు నీడ ముస్లిం యువకుల మీదికి కూడా విస్తరించింది. దాని 44వ సెక్షను కింద లండన్ మహానగరమంతటికీ అనుమతిని ఏళ్ల తరబడి పొడిగిస్తూ పోయారు. 2009-10లో ఈ సెక్షను కింద లక్షకు పైగా సోదాలు జరిగితే ఒక్కరు కూడా ఉగ్రవాద నేరం కింద అరెస్టు కాలేదు. 2010 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఈ అధికారం వ్యక్తిగత జీవన హక్కును భంగపరుస్తున్నదని తీర్పు చెప్పిన తరువాతనే దానిని ఉపసంహరించుకున్నారు. అదే చట్టంలోని 7వ షెడ్యూలు మాత్రం నిలిచి ఉంది. దాని కింద విమానాశ్రయంలో ఎవరినైనా, అనుమానం లేకున్నా, ఆపి ప్రశ్నించవచ్చు. జవాబు చెప్పకపోతే అదే నేరం.

దీనికి ఒక ఎదురువాదం ఉంది. దానిని తేలికగా తీసుకోరాదు. కత్తిపోట్లకు బలి అవుతున్నవారిలో కూడా ఆ వాడల పిల్లలే ఎక్కువ కదా, వారి ప్రాణాలు కాపాడటానికే ఈ సోదాలు అంటారు. ఆ తల్లిదండ్రుల భయం నిజమైనదే. కాని సోదాలు ఆ భయాన్ని తీర్చాయా? 2010-11లో ఇంగ్లండు, వేల్స్‌లలో 12 లక్షలు దాటిన సోదాలు 2017-18 నాటికి మూడు లక్షల లోపుకు తగ్గాయి. సోదాలు తగ్గినకొద్దీ వాటిలో అరెస్టుకు దారితీసిన వాటి శాతం పెరిగింది. అంటే మునుపు వృథాగా ఆపినవారే అధికమన్నమాట. లండన్‌కు చెందిన పదేళ్ల గణాంకాలను పరిశీలించి 2018లో వెలువడిన అధ్యయనం నేరాల మీద సోదాల ప్రభావం స్వల్పమేనని తేల్చింది. న్యూయార్కులో 2011లో 6,85,000కు పైగా ఆపివేతలు జరిగాయి. 2013లో న్యాయస్థానం ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమన్నది. ఆపివేతలు అడుగంటిన తరువాతి సంవత్సరాలలో ఆ నగరంలో హత్యలు పెరగలేదు సరికదా, ఇంకా తగ్గాయి.

నష్టం మాత్రం అంకెలకు అందదు. పదిహేనేళ్ల కుర్రవాణ్ణి నలుగురూ చూస్తుండగా గోడకు ఆనించి జేబులు తడిమితే, ఏమీ దొరకలేదని వదిలిపెట్టినా, చూసినవారి కళ్లలో వాడు నిర్దోషిగా మిగలడు. మరునాటి నుండి వాడు వేరే సందులోంచి బడికి వెళ్తాడు. పోలీసును చూసి దారి మళ్లుతాడు. ఆ మళ్లటమే మరో అనుమానానికి ఆధారమవుతుంది! రేపు వాడి కళ్లెదుట నేరం జరిగితే సాక్ష్యం చెప్పటానికి స్టేషను మెట్లెక్కుతాడా? దొంగను పట్టటానికి పోలీసుకు కావలసిన మొదటి సాయం ప్రజల నోటిమాట. దానిని పోగొట్టుకుని పోలీసు సాధించేదేమిటి?

మన ప్రాంతపు పాఠకుడు దీనిని పరాయి కథగా భావించనక్కరలేదు. హైదరాబాదు పాతబస్తీలో రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రవాళ్లను పోలీసులు 'చబుత్రా' పేరుతో పోగుచేసి తీసుకుపోయారు. 2021లో అదే నగరంలో గంజాయి కోసమంటూ దారిన పోయేవారి ఫోన్లు తెరిపించి సందేశాలు చదివారు. బ్రిటన్‌లో ఎవరిని ఎందుకు ఆపారో రాసి, జాతివారీగా ఏటా ప్రచురించే ఏర్పాటు ఉంది. ఆ లెక్క ఉన్నందుననే పై విమర్శ సాధ్యమైంది. మన దగ్గర ఆ లెక్కే లేదు. లెక్క లేనిచోట అన్యాయం జరిగిందని చెప్పేవానికి రుజువూ ఉండదు, జరగలేదని చెప్పేవానికి బాధ్యతా ఉండదు.

స్కార్మన్ సహృదయుడని అంగీకరించటానికి అభ్యంతరం లేదు. కాని ఆయన నివేదిక పోలీసుకు మర్యాద నేర్పబోయిందే గాని, పోలీసు చేతిలోని అనుమానానికి హద్దు గీయలేదు. అధికారాన్ని యథాతథంగా ఉంచి దాన్ని ప్రయోగించేవాని మనసు మారాలని ఆశించటం సదుద్దేశమే. దాని వెల మాత్రం ఆ తరువాత పుట్టిన రెండు తరాల యువకులు వీధులలో చెల్లించారు. ఆపే ముందు కారణం, ఆపిన తరువాత కాగితం, ఆ కాగితాన్ని పోలీసుతో సంబంధం లేనివాడు తనిఖీ చేయటం - ఈ మూడూ లేనిచోట ఎంతటి సహృదయుడు రాసిన నివేదిక అయినా నిష్ప్రయోజనమే.