మక్వినా ఇంట విందు

ప్యూజెట్ సౌండ్, మౌంట్ బేకర్, మౌంట్ రెయినియర్ - సియాటిల్లో ఉండేవాళ్ళకి రోజూ నోట్లో నానే పేర్లు. మూడూ 1792లో పెట్టినవాడు ఒక్కడే, కెప్టెన్ జార్జ్ వాంకూవర్. అది తెలిశాకే ఆయన యాత్రాగ్రంథం పట్టుకున్నాను. (రెయినియర్ ఆ కొండని ఎన్నడూ చూడలేదు. 1794 నుంచి 1805 దాకా మద్రాసు వైపు సముద్రాల్లో బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపాడు!)

1798లో మూడు సంపుటాలుగా వచ్చిన ఈ పుస్తకం ఓపికకి పరీక్షే. లోతు ఎన్ని బారలు, గాలి ఎటు, లంగరు ఎక్కడ - ఇదే వరస.

1792 ఆగస్టు చివర్లో ఓడ నూట్కా చేరాక ప్రాణం వస్తుంది. 1789లో అక్కడ స్పెయిన్ వాళ్ళు ఇంగ్లీషు ఓడల్ని పట్టుకున్నారు. యుద్ధం దాకా వెళ్ళి, 1790లో ఒప్పందం రాసుకున్నారు. తీసుకున్న స్థలం తిరిగివ్వాలి. ఎంత? రేవంతా అన్నాడు వాంకూవర్. మీర్స్ అనే వర్తకుడు ఇల్లు కట్టుకున్న చిన్న చెక్క తప్ప ఇవ్వనన్నాడు స్పెయిన్ ప్రతినిధి క్వాడ్రా. తేలలేదు. కానీ ఇద్దరికీ ఎంత స్నేహం కుదిరిందంటే, ద్వీపానికి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్నారు. తర్వాత క్వాడ్రా పేరు రాలిపోయింది, అది వేరే సంగతి. విఫలమైన రాయబారాన్ని ఇంత ఆప్యాయంగా రాసుకున్న అధికారిని నేనింకెక్కడా చదవలేదు.

నా పేచీ అక్కడే. ఇద్దరూ కలిసి తాసిస్ వెళ్ళి, అక్కడి పెద్ద మక్వినా ఇంట అతిథులవుతారు. మీర్స్ స్థలం కొన్నానన్నది ఈ మక్వినా దగ్గరే! అసలు సాక్షి ఎదురుగానే ఉన్నాడు. వాంకూవర్ ఆయన వేషం, నాట్యం వర్ణిస్తాడు. బేరం జరిగిన చోట మాత్రం ఆయనకి కుర్చీ లేదు. ఆసామి ఇంట్లో భోంచేస్తూ అతని పొలం గట్టు గురించి పక్క ఊళ్ళ మోతుబరులిద్దరు వాదించుకున్నట్టుంది.

చూడటం చేతకాక కాదు. కొన్ని నెలల ముందే ఖాళీ ఊళ్ళు, చెల్లాచెదురైన ఎముకలు, మశూచి మచ్చల ముఖాలు చూసి ఉన్నదున్నట్టు రాసిన మనిషే. అందుకే నాకు కోపం ఎక్కువ.

నూట్కా అధ్యాయం తప్పక చదవండి. పక్కన మోసిన్యో పుస్తకం కూడా పెట్టుకోండి. క్వాడ్రాతో వచ్చిన ప్రకృతి శాస్త్రజ్ఞుడాయన. ఆ కొద్ది నెలల్లోనే వాళ్ళ భాష నేర్చుకుని పదాల పట్టిక రాశాడు. అందులో మక్వినా మాట్లాడతాడు.