మందపాటి ఇనుముకు పెద్ద పళ్లు, నిదానపు కోత

ఇనుము కోయాలంటే మన ఊళ్లలో చప్పున గుర్తొచ్చేవి రెండే. గ్రైండరుకు కటింగ్ వీల్ బిగించడం ఒకటి, గ్యాస్ కటింగ్ రెండోది. విజయవాడ ఆటోనగర్‌లో నిలబడ్డా, హైదరాబాద్ బాలానగర్‌లో నిలబడ్డా రవ్వలు రాలుతూనే ఉంటాయి. ఈ రెండింటికంటే పాతది రంపపు కోత. చేత్తో లాగే హ్యాక్సా, షాపు మూలన ఊగుతూ కోసే పవర్ హ్యాక్సా, ఇప్పుడు బ్యాటరీతో నడిచే రెసిప్రొకేటింగ్ సా, మూడూ ఒకే వంశం. పళ్లు ఇనుమును కొద్దికొద్దిగా చెక్కి, పొట్టుగా బయటికి తీసేస్తాయి.

ఈ మూడోదాన్ని 1951లో అమెరికాలో మిల్వాకీ కంపెనీ ‘సాజాల్’ పేరుతో తెచ్చింది. పాత కట్టడాలు విప్పేవాళ్లకూ, ప్లంబర్లకూ అది కుడిచెయ్యి అయింది. మన దగ్గర కొన్నవాళ్లలో చాలామంది మాత్రం రెండు కోతలకే బ్లేడు గుండైపోయిందని పక్కన పడేస్తున్నారు. ఐటీఐలో ఫిట్టరు కుర్రవాడికి హ్యాక్సాతో నేర్పే పాఠాన్ని ఈ మిషన్ చేతికి రాగానే మరిచిపోవడమే ఇందుకు కారణం. మోటారు వచ్చినంత మాత్రాన ఆ పాఠం మారలేదు.

పళ్ల లెక్క

బ్లేడు మీద 8, 10, 14, 18, 24 అని అంకెలు వేసి ఉంటాయి. అంగుళానికి అన్ని పళ్లని అర్థం. దీన్ని టీపీఐ అంటారు. ఫిట్టరు పుస్తకాలు ఇదే సంగతిని మిల్లీమీటర్లలో చెబుతాయి: 14 టీపీఐ అంటే పన్నుకూ పన్నుకూ మధ్య 1.8 మి.మీ., 18 అయితే 1.4, 24 అయితే ఇంచుమించు 1.

మందపాటి ఇనుముకు సన్న పళ్లు కావాలని కొత్తవాళ్లు అనుకుంటారు. మందం పెరిగేకొద్దీ నిజానికి పెద్ద పళ్లే కావాలి. ఎంత పెద్దవైనా ఒక హద్దు ఉంది: కోస్తున్న మందంలో వీలైనంతవరకు రెండు మూడు పళ్లు ఆనాలి. లేకపోతే రేకు అంచు రెండు పళ్ల సందులో ఇరుక్కుని పన్ను విరుగుతుంది. సన్న పళ్లకు హద్దు పన్ను ముందుండే గుంత. చెక్కిన పొట్టు బయటపడేదాకా ఆ గుంతలోనే చుట్టుకుని ఉండాలి. గుంత నిండిందంటే పన్ను ఇనుమును అందుకోలేదు. పొట్టు మీద రుద్దుకుంటూ వేడెక్కుతుంది.

రెసిప్రొకేటింగ్ సాలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. దాని స్ట్రోకు సాధారణంగా 28 నుంచి 32 మి.మీ. మాత్రమే. 50 మి.మీ. షాఫ్టు కోస్తున్నప్పుడు నడిమి పళ్లు స్ట్రోకు పొడవునా ఇనుములోనే తిరుగుతుంటాయి, బయటికొచ్చి పొట్టు రాల్చుకునే వీలుండదు. 24 టీపీఐ బ్లేడు పెడితే ఆ మందంలో 47 పళ్లు ఒక్కసారే ఆనుతాయి. మీరు వేసే బలం అన్నింటికీ పంచుకుపోయి ఏ ఒక్కటీ లోపలికి దిగదు. 8 టీపీఐ బ్లేడైతే ఆనేవి 16 పళ్లే. ఒక్కోదానికి మూడింతల బలం అందుతుంది, గుంత కూడా పెద్దది.

అందుకే 3 మి.మీ. లోపు రేకుకు 18 లేదా 24, అక్కడినుంచి 6 మి.మీ. దాకా 14, ఆపైన 10, అర అంగుళం దాటితే 8 అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది. పైపు విషయంలో చూడాల్సింది గోడ మందం. నాలుగంగుళాల జీఐ పైపు చూడ్డానికి లావుగా ఉన్నా గోడ 4.5 మి.మీ. అయితే దానికి 14 టీపీఐ బ్లేడే సరి.

వేగం లెక్క

హ్యాక్సాతో నిమిషానికి 40 నుంచి 50 స్ట్రోకులు వేయమని ఐటీఐలో చెబుతారు. బ్లేడులో పావు మీటరు వాడుకుంటూ 45 స్ట్రోకులు వేస్తే, రాకపోకలు రెండూ కలిపి నిమిషానికి సుమారు 22 మీటర్లు. లేత్ మీద హైస్పీడ్ స్టీల్ టూల్‌తో మైల్డ్ స్టీల్‌ను తిప్పే వేగం 25 నుంచి 30 మీటర్లు. చేతి వాటం, లోహం ఓర్పు దాదాపు ఒకచోటే కలిశాయన్నమాట.

ఇప్పుడు మిషన్ సంగతి చూడండి. 28 మి.మీ. స్ట్రోకు, నిమిషానికి 3000 స్ట్రోకులు. ట్రిగ్గరు పూర్తిగా నొక్కితే బ్లేడు పరుగు నిమిషానికి 168 మీటర్లు, అంటే ఆ ఉక్కు పన్ను ఓర్చుకునే వేగానికి అయిదారింతలు. చెక్కకు అది బాగానే ఉంటుంది. మందపాటి ఇనుములో పెడితే కాసేపట్లోనే పళ్ల కొసలు నీలంగా మారతాయి. పూర్తి వేగంలో మూడో వంతుకో, ఇంకా కిందికో దించి, స్థిరంగా ఒత్తిడి పెట్టి కోయాలి. నిదానమే ప్రధానమన్నది ఈ పనిలో లెక్కకు దొరికే మాట.

వేడికి తట్టుకోవడంలోనే బ్లేడుల మధ్య తేడా ఉంది. మామూలు కార్బన్ స్టీలు 200 డిగ్రీలు దాటాక పదును వదిలేస్తుంది. టేలర్, వైట్ అనే ఇద్దరు బెత్‌లెహెం స్టీల్‌లో తయారుచేసి 1900 పారిస్ ప్రదర్శనలో చూపిన ఉక్కు మొన ఎర్రబడినా కోస్తూనే ఉంది. హైస్పీడ్ స్టీల్ అక్కడ పుట్టింది. అది 600 డిగ్రీల దగ్గరికి వచ్చేదాకా గట్టిదనం పోగొట్టుకోదు, కానీ పెళుసు. అందుకని వంగే స్ప్రింగ్ స్టీలు వీపుకు హైస్పీడ్ స్టీలు అంచును వెల్డు చేసి, అందులో పళ్లు తీస్తారు. ఇదే బైమెటల్ బ్లేడు. మంచి రకాల్లో పళ్లకు 8 శాతం కోబాల్టు కలిసిన ఉక్కు వాడతారు. ఒక్కో పన్నుకూ టంగ్‌స్టన్ కార్బైడ్ మొన అతికించినవి ఇంకో మెట్టు పైన.

ఏది కొనాలో కోయబోయే ఇనుమే చెబుతుంది. ఆకురాయి తీసుకుని దాని అంచు మీద ఒక్కసారి లాగండి. కరిచి రజను రాలిస్తే బైమెటల్ చాలు. గాజు మీద లాగినట్టు జారిపోతే బైమెటల్ పళ్లు పెట్టి లాభం లేదు, కార్బైడ్ తీయాల్సిందే. గట్టిపరిచిన షాఫ్టులు ఇలా జారే రకం. టీఎంటీ కడ్డీకి పైపొర గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది కాబట్టి మొదట మొండికేసి తర్వాత తేలిగ్గా తెగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలును ఊరికే రుద్దితే ఆ చోటు గట్టిపడుతుంది. తక్కువ వేగంలో ఒత్తి కోయాలి, మధ్యలో వదలకూడదు.

చేతి పని

చేతి హ్యాక్సాకు పళ్లు ముందుకు చూస్తాయి, తోసినప్పుడు కోస్తుంది. ఈ మిషన్ బ్లేడుకు పళ్లు వెనక్కి వాలి ఉంటాయి, లాగినప్పుడు కోస్తుంది. అందుకే మిషన్ ముందుండే షూ అనే పలకను పనికి గట్టిగా ఆనించి పట్టుకోవాలి. సందు ఉంటే ఇనుము కదలక మిషన్ ఎగిరెగిరి పడుతుంది, బ్లేడు వంగుతుంది. ఆర్బిటల్ స్విచ్ ఉంటే ఆపేయాలి, అది చెక్కకు. బ్లేడు పొడవు మందానికి స్ట్రోకు కలిపి ఇంకొంచెం మిగిలేలా ఉంటే చాలు. 50 మి.మీ. షాఫ్టుకు ఆరంగుళాల బ్లేడు సరిపోతుంది, పన్నెండంగుళాలది ఊగుతుంది.

కోతకు ముందు ఆకురాయితో చిన్న గాడి పెడితే బ్లేడు జారదు. గాడి కాస్త దిగాక మిషన్‌ను పైకీ కిందికీ కొద్దిగా వాలుస్తూ కోస్తే ఒకేసారి ఆనే పొడవు తగ్గి పొట్టు బయటికి వస్తుంది. మైల్డ్ స్టీలుకు కటింగ్ ఆయిల్ చుక్కలు వేస్తూ ఉండాలి. పోత ఇనుములో గ్రాఫైట్ ఉంటుంది, దాన్ని పొడిగానే కోస్తారు.

ఎలా కోస్తున్నామో పొట్టును చూస్తే తెలుస్తుంది. తెల్లగా మెరుస్తూ చిన్న చుట్టలుగా రాలితే పళ్లు దిగుతున్నాయి. మెత్తటి రజను రాలితే పళ్లు రుద్దుతున్నాయి, ఒత్తిడి పెంచాలి లేదా బ్లేడు మార్చాలి. గోధుమ రంగుకో నీలానికో తిరిగితే వేగం తగ్గించమని అర్థం. పాత గాడిలో కొత్త బ్లేడు దించకూడదు. అరిగిన పళ్లు తీసిన గాడి ఇరుకు, కొత్త పళ్లు అందులో బిగుసుకుపోతాయి. అవతలి వైపునుంచి కొత్తగా మొదలుపెట్టాలి. కోసిన ముక్క కిందికి వేలాడేలా చూసుకోవాలి. రెండు కొసలా దిమ్మెలు పెట్టి మధ్యలో కోస్తే ఇనుము కుంగి గాడి మూసుకుంటుంది. మూసిన డ్రమ్ములు, డీజిల్ ట్యాంకులు ఏ రంపంతోనూ కోయవద్దు, లోపలి ఆవిరికి చిన్న రవ్వ చాలు.

ఎక్కడ దీని అవసరం

అంగుళం మందం ప్లేటును పొడవునా కోయాలంటే గ్యాసే నయం. బారుగా, తిన్నగా పోయే కోత కూడా ఈ రంపానికి కుదరదు. గ్రైండరు చక్రం పట్టని ఇరుకులో, లారీ ఛాసిస్‌కూ తుప్పుపట్టిన యూ-బోల్టుకూ మధ్య సందులో, గోడకు ఆనుకున్న పైపు దగ్గర దీనికి సాటి లేదు. బ్లేడును తిరగేసి బిగిస్తే కోత దిశ కూడా మారుతుంది. గ్యాస్ కోత పక్కనున్న లోహం గుణాన్ని వేడితో మార్చేస్తుంది, రంపపు కోత పక్కన వెల్డింగు చేసుకోవచ్చు, డ్రిల్లు దించుకోవచ్చు. జింకు పూత ఉండే జీఐ పైపును గ్యాస్‌తో కోస్తే వచ్చే జింకు పొగ పీల్చినవాళ్లకు జ్వరం వస్తుంది, రంపానికి ఆ బెడద లేదు. ప్రమాదంలో నుజ్జయిన కారులోనుంచి మనుషులను తీసే రక్షణ సిబ్బంది దీన్ని దగ్గర పెట్టుకునేది ఇందుకే: మంట ఉండదు, రవ్వలు తక్కువ.

బ్లేడు ఖరీదును కోతల లెక్కన చూడాలి. పూర్తి వేగంలో రెండు కోతలకే పాడైన చవక బ్లేడుకంటే, సరైన పళ్లతో నెమ్మదిగా ఇరవై కోతలు కోసిన ఖరీదైన బ్లేడే చవక. మందం కొలవండి, ఆకురాయి లాగి చూడండి, పళ్లు ఎంచుకోండి. ట్రిగ్గరు సంగతి ఆ తర్వాత.