రిచీ బెనో: మాటల పొదుపు

క్రికెట్ వ్యాఖ్యానానికీ సాహిత్య పత్రికకూ ఏమిటి సంబంధమని కొందరికి అనిపించవచ్చు. హరికథనూ, తోలుబొమ్మలాటనూ, రేడియో నాటకాన్నీ సాహిత్యంలో కలుపుకున్న మనకు ఈ అభ్యంతరం ఉండకూడదు. వ్యాఖ్యానమూ నోటిమాట మీద నడిచే కళే. తేడా ఒక్కటే. హరిదాసుకు కథ ముందే తెలుసు, వ్యాఖ్యాతకు తెలియదు. అన్న మాటను దిద్దుకునే వీలు కూడా అతనికి లేదు. ఈ కళలో నేనెరిగిన వారందరిలోకీ ఉత్తముడు ఆస్ట్రేలియాకు చెందిన రిచీ బెనో. 2015 ఏప్రిల్ 10న, 84 ఏళ్ల వయసులో, సిడ్నీలో కన్నుమూశారు. ఆయనను తలచుకుంటే ఇవాళ్టికీ నాకు ముందు గుర్తొచ్చేది ఆయన మాట కాదు, మాటకూ మాటకూ మధ్య ఆయన ఇచ్చిన వ్యవధి.

1985 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆస్ట్రేలియాలో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. హోసూరులో మా వీధికంతటికీ ఒక్కటే టీవీ. పొద్దున్నే పదిమందిమి ఆ ఇంటి వసారాలో చేరేవాళ్లం. బొమ్మ చెదిరితే ఒకడు మిద్దె ఎక్కి యాంటెన్నా తిప్పాలి. అప్పటి నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా క్రీము రంగు కోటు వేసుకున్న ఆ పెద్దమనిషి చెప్పేది అర్థమయ్యేది. ఎందుకంటే ఆయన చెప్పేది తక్కువ. బంతి పడుతుంది, కొట్టినవాడు పరుగు తీస్తాడు, జనం అరుస్తారు. అదంతా సద్దుమణిగాక ఒక్క వాక్యం. మనం చూసి కూడా గమనించని సంగతి ఒకటి అందులో ఉండేది.

బెనో చదువు ముగించి మొదట లెక్కల ఆఫీసులో గుమాస్తాగా చేరారు. తర్వాత సిడ్నీ పత్రికలో పోలీసు వార్తల విలేకరి. ఆటగాడిగా 63 టెస్టుల్లో 248 వికెట్లు, 2201 పరుగులు. 28 టెస్టులకు నాయకత్వం వహించి ఒక్క సిరీస్ కూడా పోగొట్టుకోలేదు. 1956లో ఇంగ్లండ్ పర్యటన ముగిశాక బీబీసీలో టెలివిజన్ పని నేర్చుకున్నారు. ఆ వెంటనే మన మద్రాసు కార్పొరేషన్ స్టేడియంలో 72 పరుగులకు 7 వికెట్లు తీశారు. 1960 జనవరిలో కలకత్తా టెస్టులో మన హైదరాబాదు జయసింహ అయిదు రోజులూ బ్యాటు పట్టింది ఈ బెనో జట్టు మీదే. పోలీసు వార్తలు రాసిన అలవాటు ఆయన వ్యాఖ్యానంలో చివరిదాకా ఉంది. జరిగింది చెప్పు, విశేషణాలు తగ్గించు.

రెండు ఉదాహరణలు చూద్దాం. 1981 హెడింగ్లీ టెస్టులో బోథమ్ బంతిని స్టాండ్లలోకి కొట్టాడు. అది అద్భుతమనో, అపూర్వమనో బెనో అనలేదు. దాని వెంట పరిగెత్తడం కాదు గదా, వెతకడం కూడా దండగే, అది నేరుగా మిఠాయి కొట్లోకి వెళ్లి మళ్లీ బయటకొచ్చింది అన్నారు. విశేషణం ఒక్కటీ లేదు. ఉన్నది ఒక కొట్టు, ఒక బంతి. అయినా ఆ దెబ్బ బలమెంతో తెలిసిపోయింది. రెండోది 1993 మాంచెస్టర్. యాషెస్‌లో షేన్ వార్న్ వేసిన మొదటి బంతి గాటింగ్ వికెట్ పడగొట్టింది. తాను కూడా లెగ్‌స్పిన్నరే కనుక దాని మర్మం మీద బెనో ఉపన్యాసమే ఇవ్వవచ్చు. ఇవ్వలేదు. అందమైన బంతి అని ఒక మాట అని, గాటింగ్‌కు ఏం జరిగిందో తెలియలేదన్నారు. కాస్త ఆగి, ఇంకా తెలియలేదన్నారు. ఆ రెండో మాటలోనే శిల్పమంతా ఉంది. మధ్యలో ఆగిన క్షణంలో మనం గాటింగ్ ముఖం చూశాం.

ఇది పిరికివాడి మితభాషిత్వం కాదా అని అడగవచ్చు. కాదనడానికి 1981 ఫిబ్రవరి 1 సాక్ష్యం. మెల్‌బోర్న్‌లో ఆఖరి బంతికి స్కోరు సమం కావాలన్నా న్యూజిలాండ్‌కు ఆరు పరుగులు కావాలి. గ్రెగ్ చాపెల్ తమ్ముడు ట్రెవర్ చేత బంతిని నేల మీద దొర్లించి వేయించాడు. తన దేశపు కెప్టెన్ చేసిన ఆ పనిని బెనో సిగ్గుమాలిన పని అన్నారు, క్రికెట్ మైదానంలో తాను చూసిన అతి హీనమైన వాటిలో ఒకటన్నారు. రోజూ అరిచేవాడు ఆ మాట అంటే అరుపుల్లో కలిసిపోయేది. బ్యాంకువాణ్ణి గనుక నా భాషలో చెబుతాను: నిల్వ ఉన్నవాడి చెక్కే చెల్లుతుంది.

ఆయన పద్ధతికి పరిమితి లేకపోలేదు. అది బొమ్మ కనిపించే టెలివిజన్‌కు పుట్టిన పద్ధతి. రేడియో ముందు కూర్చున్నవాడికి మౌనం చీకటితో సమానం. అక్కడ జాన్ ఆర్లట్ లాంటి కవిహృదయం కావాలి. పైగా ఆటను వ్యాపారంగా మార్చిన 1977 నాటి పాకర్ పోటీలకు బెనో సలహాదారు. నేటి హోరుకు విత్తనం అక్కడే పడిందంటే పూర్తిగా కాదనలేం. కానీ ఇంగ్లండ్‌లో ప్రత్యక్ష ప్రసారం డబ్బు కట్టే చానల్‌కు వెళ్లిపోయినప్పుడు ఆయన దాని వెంట వెళ్లలేదు. 2005 సెప్టెంబరు 12న ఓవల్‌లో అక్కడి వీక్షకుల దగ్గర సెలవు తీసుకున్నారు. ఆ వీడ్కోలు మాటల మధ్యలోనే మెక్‌గ్రాత్ బంతికి పీటర్సన్ 158 దగ్గర బౌల్డయ్యాడు. తన వీడ్కోలు ఆపి, వికెట్ సంగతి చెప్పి, ఆ ఇన్నింగ్స్‌ను మెచ్చుకుని, తర్వాతే మిగతా మాట పూర్తి చేశారు. ఆట ముందు, తాను తర్వాత.

2014 నవంబరులో బంతి తగిలి ఫిలిప్ హ్యూస్ చనిపోయాడు. వయసు 25, అప్పటికి చేసినవి 63 నాటౌట్. అడిలైడ్ టెస్టుకు ముందు ప్రసారమైన నివాళికి గొంతు బెనోదే. అప్పటికి ఆయనే కాన్సర్‌తో ఉన్నారు. చివర ఆ కుర్రాణ్ణి కొడుకా అని పిలిచి, శాంతిగా ఉండమన్నారు. ఇంకేమీ చేర్చలేదు.

ఇదంతా మనకెందుకంటే, రాష్ట్రం బయట ఉన్న మనకు మాటల ఆకలి ఎక్కువ. ఏడాదికోసారి తెలుగులో మాట్లాడే అవకాశం దొరికిన వక్త మైకు వదలడు. వదిలితే భాషే పోతుందేమోనన్న భయం. నన్నూ కలుపుకునే అంటున్నాను. టీవీలో తెలుగు వ్యాఖ్యానం మొదలైనప్పుడు మా ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. వారం తిరక్కుండానే మా అబ్బాయి శబ్దం తగ్గించాడు. వాణ్ణి కోప్పడబోయి ఆగాను. వాడు తగ్గించింది తెలుగును కాదు, ఊపిరాడనివ్వని హోరును. ఎదుటివాడు చూసేదాకా, వినేదాకా ఆగడం కూడా భాషలో భాగమే. మన పిల్లలు తెలుగు వినాలంటే, మనం ఆ మాత్రం ఆగడం నేర్చుకోవాలి.