ప్రాచీన కావ్యానికి మూడు ప్రవేశమార్గాలు: రంగనాథ రామాయణం, శరదాగమ వ్యాఖ్య, ఆంధ్రుల సాంఘిక చరిత్ర

ప్రస్తావన

ప్రాచీన కావ్యం మూలం, దానిని సామాన్య పాఠకుడికి అందించే సులభ గ్రంథం దానికి మెట్టు అన్న అభిప్రాయం సాహిత్య బోధనలో స్థిరపడింది. మెట్టెక్కిన పాఠకుడు మూలం దాకా వెళ్తున్నాడా, మెట్టు మీదే ఆగిపోతున్నాడా అన్న ప్రశ్న మాత్రం చర్చకు రావడం తక్కువ. 2016లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలతో సంబంధమున్న మూడు రచనలను ఆధారంగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. పరిచయ గ్రంథం విలువను దాని సౌలభ్యంతో గాక, మూలపఠనం పట్ల అది కలిగించే అవసరంతో కొలవాలన్నది ఇందులోని ప్రతిపాదన.

ద్విపద: పరిచయమే కావ్యమైన తీరు

నాగర్‌కర్నూల్ జిల్లాలోని నంది వడ్డెమానే నాటి వర్ధమానపురం. రంగనాథ రామాయణ కర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి పేరు ఈ ప్రాంతంతో ముడిపడి ఉంది. సంస్కృత రామాయణాన్ని పాడుకోవడానికి, వినడానికి అనువైన ద్విపదలో చెప్పడం, పండితుల పరిధి దాటి శ్రోతలను చేరాలన్న సంకల్పానికి నిదర్శనం. ఆ సంకల్పం ఫలించిందనడానికి తోలుబొమ్మలాట కళాకారులు ఈ కావ్యాన్ని తమ ప్రదర్శనలకు ఆధారం చేసుకోవడమే సాక్ష్యం.

అయితే దీనిని వాల్మీకి రామాయణానికి సంగ్రహమనలేము. సులోచన వృత్తాంతం, ఉడుత భక్తి వంటి అవాల్మీకాంశాలు ఇందులో చేరి ప్రజల రామకథలో అంతర్భాగాలయ్యాయి. ఇక్కడ పరిచయం మూలానికి దారిగా మిగలక తానే గమ్యమైంది. కావ్యంగా నిలిచిన ఇటువంటి రచనకు మూలపఠనం వైపు నడిపించలేదన్న ఆక్షేపణ వర్తించదు. స్వతంత్ర కావ్యత్వాన్ని ఆశించని పరిచయ గ్రంథాలకే పై కొలమానం వర్తిస్తుంది.

వ్యాఖ్య: మూలాన్ని వదలనీయని పరిచయం

అదే జిల్లాలోని కొల్లాపురం జటప్రోలు సంస్థానానికి రాజధానిగా ఉండేది. ఆ సంస్థాన ప్రభువు సురభి మాధవరాయలు రచించిన చంద్రికాపరిణయం శ్లేష, చిత్రకవిత్వాలతో నిండిన ప్రౌఢ ప్రబంధం. దీనికి వెల్లాల సదాశివశాస్త్రి, అవధానం శేషశాస్త్రి శరదాగమమనే వ్యాఖ్య రాశారు.

వ్యాఖ్య కథను వేరుచేసి చెప్పదు. పద్యం ముందుంటేనే దానికి అర్థం. పద్యాన్ని పక్కన పెడితే వ్యాఖ్య నిరాలంబమవుతుంది. పాఠకుడిని మూలంతోనే కట్టి ఉంచడం దాని బలం. అప్పటికే కొంత వ్యుత్పత్తి ఉన్న పాఠకుడికి తప్ప ప్రయోజనపడకపోవడం దాని పరిమితి. ద్విపద శ్రోతను విస్తరించింది, వ్యాఖ్య పాఠాన్ని నిలబెట్టింది. ఈ రెండు పనులూ ఒకే గ్రంథంలో సాధ్యమా అన్న ప్రశ్నకు ఆధునిక కాలంలో వచ్చిన సమాధానం సురవరం ప్రతాపరెడ్డిది.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర: ఒక భావనకు ప్రవేశిక

సురవరం ప్రతాపరెడ్డి (1896-1953) నేటి జోగులాంబ గద్వాల జిల్లాకు చెందినవారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగుకు వచ్చిన తొలి అకాడమీ పురస్కారమిదే.

గొప్ప విషయాలను తేట తెలుగులో అందించే ప్రయత్నం ఆయనకు ముందే ఉంది. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల కృషితో ఏర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి తన తొలి ప్రచురణగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్రను వెలువరించింది. ఆ ప్రచురణల్లో చరిత్ర, విజ్ఞానశాస్త్రాల పరిచయం ప్రధానం. ప్రతాపరెడ్డి రచనలో విశేషమేమంటే, చరిత్ర అంటే రాజుల యుద్ధాలు కాదు, ప్రజల జీవనమన్న పెద్ద భావనను ఆయన తెలుగు కావ్యాల ద్వారానే పరిచయం చేశారు. ఆ దశాబ్దంలోనే ఆంగ్లంలో ట్రెవెల్యన్ రాసిన ఇంగ్లండు సాంఘిక చరిత్ర కూడా చాసర్ కవి కాలంతో ప్రారంభం కావడం గమనార్హం.

బసవపురాణం, క్రీడాభిరామం, సింహాసన ద్వాత్రింశిక, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాల నుండి ఆహారం, ఆటలు, వస్త్రాలు, వృత్తులు, నమ్మకాలు ఆయన సేకరించారు. ఆధారమైన పద్యాలను చాలాచోట్ల ఉదాహరించారు. నిర్ధారణతోపాటు ఆధారమూ కళ్లెదుట ఉండటం వల్ల పాఠకుడు రచయితతో విభేదించగలడు. నిఘంటువులు క్రీడావిశేషమనో, భక్ష్యవిశేషమనో చెప్పి వదిలేసే పదాల పట్ల ఆయన అసంతృప్తి కూడా ఇటువంటిదే. పదానికి అర్థం తెలియనప్పుడు పోయేది ఒక మాట కాదు, ఒక ఆట, ఒక వంటకం, ఒక పనిముట్టు అన్న స్పృహను ఈ గ్రంథం కలిగిస్తుంది. ఆ స్పృహ కలిగిన పాఠకుడు కావ్యాన్ని మళ్లీ తెరవక తప్పదు.

పద్ధతి పరిమితి: క్రీడాభిరామం

ఈ పద్ధతికి గల పరిమితిని క్రీడాభిరామం స్పష్టం చేస్తుంది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లులో ఒక రోజంతా తిరిగి చూసిన వింతలే ఇందులోని వస్తువు. పూటకూళ్లింట్లో రూకకు దొరికే భోజనం, కోడిపందేలు సాంఘిక చరిత్రకు విలువైన సామగ్రి. అయితే ఇది రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామానికి అనుసరణ. కాకతీయ రాజ్యం పతనమైన తరువాతి కాలపు రచన. అందులోని భోజనం ఓరుగల్లుదా, మూలకర్త ఊహదా, అనుసరించిన కవి కాలానిదా? పైగా ఆ వర్ణన చేసే పాత్ర విలాసి, హాస్యప్రియుడు. అతని అతిశయోక్తిని ధరల పట్టికగా చదివితే కావ్యస్వరం జారిపోతుంది. ఎవరు, ఎవరితో, ఏ ధోరణిలో అంటున్నారన్న ప్రశ్న వేసుకున్న తరువాతే ఆ పద్యం చరిత్రకు సాక్ష్యమవుతుంది. అంటే చారిత్రక పఠనానికి సాహిత్య పఠనం పూర్వరంగం, అలంకారం కాదు.

రెండవ పరిమితి విలువల నిర్ణయానికి సంబంధించినది. సాంఘిక చరిత్రకు ఉపకరించడమే కొలతగా ప్రతాపరెడ్డి ప్రౌఢ ప్రబంధాల కంటే శుకసప్తతి, హంసవింశతి వంటి కథాకావ్యాలకు ఎక్కువ విలువనిచ్చారు. ఆయన ప్రయోజనానికి అది న్యాయమే. కాని ఆ కొలతను సాహిత్య విలువగా స్వీకరిస్తే, చంద్రికాపరిణయం వంటి కృతి చదవదగినదే కాదన్న నిర్ణయానికి పాఠకుడు చేరుకుంటాడు. ఈ మూడు జిల్లాల సంస్థానాలు పోషించిన కవిత్వంలో గణనీయమైన భాగం ఆ కోవకు చెందినదే. విద్వద్గద్వాలగా పేరొందిన గద్వాల ఆస్థానానికి చెందిన కాణాదం పెద్దన సోమయాజి కృతులను వస్త్రాల పేర్ల కోసం వెదికి వదిలేస్తే, అవి రూపొందిన విద్వత్సభల అభిరుచి మనకు అర్థం కాదు. ఆ అభిరుచి కూడా సాంఘిక చరిత్రలో భాగమే.

ముగింపు

నేడు ఆంధ్రుల సాంఘిక చరిత్రను విద్యార్థులు, పోటీ పరీక్షల అభ్యర్థులు సమాచార కోశంగా చదువుతున్నారు. ఏ ప్రకరణంలో ఏ కావ్యం ప్రస్తావితమైందో జ్ఞాపకముంచుకోవడం ఆ పఠనానికి పరమావధి అవుతున్నది. కావ్యాలను తెరిపించడానికి పుట్టిన గ్రంథం వాటిని తెరవనవసరం లేకుండా చేస్తున్నదంటే, దోషం గ్రంథానిది కాదు, దానిని బోధిస్తున్న పద్ధతిది. ఒక ప్రకరణాన్ని బోధించేటప్పుడు అందులో ఉదాహరించిన ఒక్క పద్యాన్నైనా కావ్య సందర్భంలో పూర్తిగా చదివించి, ప్రతాపరెడ్డి నిర్ధారణ నిలుస్తుందో లేదో విద్యార్థి చేత తేల్పించడం సాధ్యమైన పనే. శరదాగమం పాఠకుడిని పద్యం దగ్గర నిలిపినట్లు, సాంఘిక చరిత్ర కూడా అతడిని పద్యం దగ్గరికి తిరిగి పంపగలదు. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు ఆ గ్రంథాన్ని పరీక్షా సామగ్రిగా గాక పఠన పద్ధతిగా స్వీకరించినప్పుడే అది నెరవేరుతుంది.